దాణా తొట్టి దగ్గర అడగవలసిన ప్రశ్న

గత నెల ఒక పాఠక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె తల్లిగారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఊళ్లోని వైద్యుడు ఇచ్చిన మాత్రలు అయిదు రోజులు వాడినా జ్వరం తగ్గలేదు. పట్నం తీసుకువెళ్లి కల్చర్ పరీక్ష చేయించారు. మూడు రోజుల తర్వాత చేతికి వచ్చిన కాగితంలో మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. వాటిలో చాలావాటి ఎదురుగా ‘ఆర్’ అన్న అక్షరం ఉంది. ‘ఈ మందుకు సూక్ష్మజీవి లొంగదు’ అని దాని అర్థమట. మిగిలిన రెండు మూడు మందులూ నరంలోకి ఎక్కించవలసినవే. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి, అల్లాహ్ దయవల్ల ఆ తల్లి కోలుకున్నారు. అయితే సోదరి మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. "మా అమ్మ జీవితంలో మింగిన మాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తలనొప్పి వస్తే శొంఠి కషాయంతో సరిపెట్టుకునే మనిషి. మందులకు లొంగని సూక్ష్మజీవి ఆమె ఒంట్లోకి ఎక్కడినుండి వచ్చింది?"

ఆ ఒక్క తల్లి విషయంలో దీనికి కచ్చితమైన సమాధానం ఎవరూ చెప్పలేరు. అటువంటి సూక్ష్మజీవులు ఆసుపత్రి నుండి రావచ్చు, నీటి నుండి రావచ్చు, ఇంట్లో మరొకరి నుండి రావచ్చు. మనుషులు జలుబుకూ దగ్గుకూ యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగడం అన్నిటికంటే పెద్ద కారణాలలో ఒకటి. దాని గురించి ఈ శీర్షికలో లోగడ మాట్లాడుకున్నాము. మనం అంతగా ఆలోచించని దారి మరొకటి ఉంది. అది కోళ్ల ఫారాల నుండి, పశువుల కొట్టాల నుండి మన వంటింటి దాకా వచ్చే దారి. ఈ నెల ఆ దారి వెంట నడిచి చూద్దాము.

ఒక ప్రశ్న అడుగుతాము, మరొకటి మరచిపోతాము

మాంసం దుకాణానికి వెళ్లిన ప్రతి ముస్లిమూ ‘హలాలేనా?’ అని అడుగుతాడు. పెళ్లి విందుకు వెళ్లినా, ప్రయాణంలో హోటలు ముందు ఆగినా ఆ ప్రశ్న మన నాలుక మీదే ఉంటుంది. అది మంచి అలవాటు. అయితే దివ్య ఖురాన్ ఆహారం గురించి ప్రస్తావిస్తూ ‘హలాల్’ అన్న మాట పక్కనే ‘తయ్యిబ్’ అన్న మాటను కూడా ఉంచింది. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే మంచిది, పరిశుద్ధమైనది, మేలు చేసేది. మొదటి మాటను మనం కత్తి దగ్గర అడుగుతున్నాము. రెండవ మాటను అడగాలంటే మరికొంత వెనక్కి, ఆ కోడి తిన్న దాణా తొట్టి దాకా వెళ్లవలసి ఉంటుంది. అక్కడికి వెళ్లే తీరిక మనలో చాలామందికి లేదు. వెళితే కనబడేది ఏమిటో తెలియాలంటే ముందు కొంత చరిత్ర తెలియాలి. ఆ చరిత్ర మన తెలుగు నేలకు దగ్గరగానే మొదలవుతుంది.

బంగారు రంగు మందు

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన పిల్లలు పాఠాలలో చదువుకుంటారు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి ఆయన అధిపతిగా ఉన్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మట్టి నమూనాలలో ఒక బంగారు రంగు సూక్ష్మజీవిని గుర్తించాడు. దాని నుండి వచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి పరిచయమైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆ సంవత్సరం చివరలో అదే సంస్థలో థామస్ జూక్స్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లలకు రకరకాల మేత పెట్టి చూస్తున్నాడు. ఆయన వెదుకుతున్నది ఒక విటమిన్ కోసం. మందు తయారీలో మిగిలిపోయిన పిప్పిని దాణాలో కలిపి పెట్టగా, ఆ పిల్లలు మిగిలినవాటికంటే వేగంగా బరువు పెరిగాయి. ఆ పెరుగుదలకు కారణం విటమిన్ ఒక్కటే కాదని, పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్ కూడా అని తరువాత తేలింది. 1950ల తొలినాళ్ల నుండి కోళ్లకు, పందులకు, దూడలకు కొద్దికొద్ది మోతాదుల్లో యాంటీబయాటిక్ కలిపిన దాణా పెట్టడం అమెరికాలో, ఆపై అనేక దేశాల్లో మామూలు వ్యవహారమైపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మనిషిని మృత్యువు నోటినుండి లాగడానికి పుట్టిన మందు, పుట్టిన ఏడాది తిరగకముందే కోడి బరువు పెంచే దినుసుగా మారింది. జబ్బు చేసిన జీవికి మందు పెట్టడం వేరు. ఆరోగ్యంగా ఉన్న వేలాది జీవాలకు రోజూ మేతలో మందు కలపడం వేరు. మొదటిది కరుణ. రెండవది కేవలం లెక్క. కిలో మాంసానికి ఎంత దాణా ఖర్చయింది అన్న లెక్క అది.

సూక్ష్మజీవి మొండిదయ్యే విధానం

కోడి పేగుల్లో కోట్లాది బాక్టీరియా నివసిస్తాయి. వాటిలో చాలావరకు హాని చేయనివే. ఇన్ని కోట్లలో ఏవో కొన్నిటికి, పుట్టుకలో వచ్చిన చిన్న మార్పు వల్ల, ఒక మందును తట్టుకునే శక్తి ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ శక్తి వాటికి పెద్దగా ఉపయోగపడదు. మందు కలిసిన దాణా పేగుల్లోకి దిగగానే పరిస్థితి తారుమారవుతుంది. మందుకు లొంగే బాక్టీరియా చస్తుంది. తట్టుకునేది బతుకుతుంది. పోటీ లేని చోట అది విస్తరిస్తుంది. అనుకూల పరిస్థితుల్లో ఈ-కోలై అనే బాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. ఉదయం ఒక్కటిగా ఉన్నది సాయంత్రానికి ఎన్ని కోట్లవుతుందో లెక్కల పుస్తకం తీసిన పిల్లవాడు కూడా చెప్పగలడు.

మోతాదు తక్కువైన కొద్దీ ప్రమాదం ఎక్కువ. పూర్తి మోతాదు శత్రువును తుడిచిపెడుతుంది. చాలీచాలని మోతాదు బలహీనులను చంపి బలవంతులను మిగిలిస్తుంది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే, తక్కువ మోతాదుల వాడకం సూక్ష్మజీవులకు మందును తట్టుకోవడం నేర్పుతుందని హెచ్చరించాడు.

ఇంకొక విషయం ఉంది. బాక్టీరియా తనకు అబ్బిన ఈ విద్యను సంతానానికి మాత్రమే కాక, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. ప్లాస్మిడ్ అనే చిన్న వలయం వంటి జన్యుపదార్థం ఒకదాని నుండి మరొకదానికి చేరుతుంది. ఒక దొంగ మన ఇంటి తాళంచెవికి నకలు చేసి, ముఖపరిచయం లేని మరో దొంగకు ఇచ్చి వెళ్లినట్లుంటుంది ఆ వ్యవహారం. ఒక్కోసారి ఒకే వలయం మీద నాలుగైదు మందులకు సంబంధించిన తాళంచెవులు గుత్తిగా ఉంటాయి. అందువల్ల కోడికి ఒక మందు పెడితే, మనిషికి వాడే మరికొన్ని మందులు కూడా పనిచేయకుండా పోవచ్చు.

ఒక కోళ్ల పెంపకం, ఒక కుటుంబం

కోడి పేగుల్లో జరిగేది కోడి దగ్గరే ఆగిపోతుందని ఒకప్పుడు అనుకునేవారు. స్టువర్ట్ లెవీ అనే అమెరికా వైద్యుడు బోస్టన్ నగరానికి సమీపంలో కోళ్లు పెంచే ఒక కుటుంబం సహకారంతో దీన్ని పరీక్షించి చూశాడు. మూడువందల కోడిపిల్లలను తెచ్చి, సగం పిల్లలకు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా, సగం పిల్లలకు మందు లేని దాణా పెట్టించాడు. కోళ్ల మలాన్ని, ఆ ఇంటివారి మలాన్ని, ఇరుగుపొరుగు వారి మలాన్ని వారం వారం పరీక్షించాడు. 1976లో ఫలితాలు వెలువడ్డాయి.

మందు తిన్న కోళ్ల పేగుల్లో వారం తిరిగేసరికి దాదాపు అంతా మందుకు లొంగని బాక్టీరియాయే. ఇది ఊహించినదే. అయిదారు నెలలు గడిచేసరికి ఆ ఇంటి మనుషుల నుండి తీసిన నమూనాలలో 31 శాతానికి పైగా, మందుకు లొంగని బాక్టీరియా రాజ్యమేలుతున్న స్థితికి చేరాయి. ఇరుగుపొరుగు వారిలో ఆ సంఖ్య 7 శాతం లోపే. ఒక్క మందు మాత్రమే పెట్టినా, అనేక మందులకు లొంగని బాక్టీరియా తయారైంది. మందు తిన్నది కోడి. ఫలితం ఒంట్లో మోసినది మనిషి.

ఈ వృత్తాంతంలో ఆశ కలిగించే భాగం కూడా ఉంది. ఆ దాణాను పూర్తిగా తొలగించిన ఆరు నెలలకు పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో ఆ మొండి బాక్టీరియా జాడ కనబడలేదు. అంటే తప్పు మానితే, కొంతవరకైనా దారి వెనక్కి ఉంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని అవసరం మళ్లీ వస్తుంది.

చివరి తాళం

కొలిస్టిన్ అనే పాత మందు ఒకటుంది. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు 1970ల నాటికి దాన్ని చాలావరకు పక్కన పెట్టేశారు. కాలక్రమంలో మిగిలిన మందులు ఒక్కొక్కటే పనిచేయకుండా పోవడంతో, మరేదీ పనిచేయని రోగికి ఇచ్చే చివరి మందుగా అది తిరిగి వచ్చింది. ఐసీయూలో పడి ఉన్న మనిషికి, నెలలు నిండకుండా పుట్టి రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకిన పసికందుకు అది ఆఖరి తాళం వంటిది. విచారకరమైన విషయమేమంటే, ఆసుపత్రుల్లో పొదుపుగా దాచుకుంటున్న ఆ మందునే అనేక దేశాల్లో కోళ్లకు, పందులకు టన్నుల కొద్దీ దాణాలో కలిపి పెడుతూ వచ్చారు.

2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఒక వార్త వెల్లడించారు. కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే ఒక జన్యువు, ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరగల వలయం మీద వారికి కనబడింది. దానికి ఎంసీఆర్-1 అని పేరు పెట్టారు. మొదట పందిలో కనబడింది. ‘పంది కదా, మనకేమి’ అనుకోవడానికి వీలులేదు. వారు పరీక్షించిన పచ్చిమాంసం నమూనాలలో కోడిమాంసం కూడా ఉంది. మొత్తం నమూనాలలో 15 శాతం మాంసంలో, 21 శాతం పశువుల్లో ఆ జన్యువున్న ఈ-కోలై దొరికింది. ఆసుపత్రి రోగుల్లో 1 శాతం మందిలో దొరికింది. పశువుల్లో ఎక్కువ, మనుషుల్లో తక్కువ ఉండటం చూస్తే, అది ఏ వైపు నుండి ఏ వైపుకు నడుస్తున్నదో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే అనేక ఖండాల్లో దాని ఉనికి బయటపడింది.

చైనా 2017లో దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని నిషేధించింది. రెండేళ్లు తిరగకముందే మార్పు కనబడింది. అక్కడ కొలిస్టిన్‌కు లొంగని ఈ-కోలై పందుల్లో 34 శాతం నుండి 5 శాతానికి, కోళ్లలో 18 శాతం నుండి 5 శాతానికి దిగివచ్చినట్లు తేలింది. బోస్టన్ సమీపంలోని ఆ ఒక్క ఇంట్లో కనబడినదే ఒక మహాదేశంలోనూ కనబడింది. మన దేశంలోనూ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019 జూలైలో ఆహారానికి పెంచే పశువులు, కోళ్లు, చేపలు, రొయ్యల పెంపకంలో, దాణాలో వాడేందుకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. మంచి నిర్ణయం. అయితే 2019 నాటి ఆ నిర్ణయం నిషేధించినది ఒక్క మందును మాత్రమే. టెట్రాసైక్లిన్ వంటి మందుల వాడకం మందుల దుకాణం నుండి కొట్టం దాకా సాగుతూనే ఉంది.

ఇదంతా ఎంత తీవ్రమైనదో ఒక అంకె చెబుతుంది. మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణించారని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఇందులో పశుపోషణ వాటా ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం. దాని వాటా ఎంతైనా, అది తగ్గించుకోగలిగిన వాటా.

మూడు రోజులు, ఇరవై ఎనిమిది రోజులు

మన ధర్మశాస్త్ర గ్రంథాలలో ‘జల్లాలా’ అన్న మాట ఒకటుంది. మలినాలు తిని పెరిగిన పశువు అని దాని అర్థం. అటువంటి పశువు మాంసాన్ని, పాలను వాడవద్దని దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వారించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. గమనించండి. ఆ పశువు స్వతహాగా హలాలే. జిబహ్ కూడా సక్రమంగానే జరగవచ్చు. అయినా అది తిన్న మేత కారణంగా ఆగమన్నారు. ధర్మవేత్తలు దానికి ఉపాయం కూడా చెప్పారు. ఆ పశువును కట్టివేసి, కొన్నాళ్లు శుభ్రమైన మేత పెట్టి, తర్వాత వాడుకోవచ్చు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అటువంటి కోడిని మూడు రోజులు బంధించి ఉంచేవారని ఉల్లేఖనం ఉంది. ఒంటెకు, ఆవుకు ఇంకా ఎక్కువ రోజులు చెప్పారు.

యాంటీబయాటిక్ తిన్న కోడి జల్లాలా అవుతుందని మేము తీర్పు చెప్పడం లేదు. అది ఉలమాల పని. మేము చూపదలచినది ఆ ఆదేశంలోని ఆలోచనను మాత్రమే. పశువు తిన్నది మన పళ్లెం దాకా వస్తుంది, కనుక ఆగి శుభ్రపరచాలి అన్న ఆలోచన అది.

సరిగ్గా ఇదే ఆలోచన నేటి చట్టంలో మరో రూపంలో ఉంది. పశువుకు మందు వేసిన తర్వాత దాని పాలు, గుడ్లు, మాంసం వాడకుండా ఆగవలసిన గడువును మందు సీసా మీద ముద్రించాలని మన ఔషధ నియమాలకు 2012లో సవరణ చేశారు. సీసా మీద ప్రత్యేకంగా గడువు లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, కోడిమాంసానికి, మేక, గొర్రె వంటి వాటి మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. ఫారం కోడి ఆయుష్షే సుమారు నలభై రోజులు. అంటే చివరి నాలుగు వారాల్లో అటువంటి మందు పెట్టిన కోడిని ఆ గడువు తీరకుండా అమ్మడం చట్టరీత్యా తప్పు. ఈ గడువు పాటించినందువల్ల మాంసంలో మందు అవశేషాలు తగ్గుతాయి. మొండి బాక్టీరియా పుట్టకుండా ఉండాలంటే మాత్రం అవసరం లేని మందు అసలు పెట్టకపోవడమే మార్గం.

వేలు ఎవరి వైపు చూపాలి?

ఇంతవరకు చదివి కోళ్లు పెంచే సోదరుల మీద ఆగ్రహం తెచ్చుకోవద్దని మనవి. మన రెండు రాష్ట్రాల్లో బ్రాయిలర్ కోళ్లు పెంచే చిన్న రైతుల్లో చాలామంది కంపెనీలతో ఒప్పందం మీద పనిచేస్తారు. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవే. షెడ్డు, కరెంటు, కూలి రైతువి. పెరిగిన కోడికి కిలోకు ఇంతని పెంపకపు కూలి ముట్టుతుంది. దాణా బస్తాలో ఏమి కలిసిందో ఆ రైతుకే తెలియకపోవచ్చు. పిల్లలు చనిపోతే కోత పడేది మాత్రం అతనికే. భయం ఉన్న చోట మందు ఎక్కువ పడుతుంది.

అజ్ఞానం కూడా ఒక కారణమే. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు, పశువులకు వచ్చే గాలికుంటు వైరస్ వల్ల కలిగే వ్యాధులు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపలేదు. వాటికి టీకాయే రక్ష. అయినా కోడి తల వాల్చగానే మందుల దుకాణానికి పరుగెత్తి, పేరు కూడా చదవకుండా ఒక పొట్లం తెచ్చి నీళ్లలో కలపడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాము. చోటు ఇరుకుగా లేకుండా చూడటం, గాలి ఆడనివ్వడం, పరుపుగా పరచిన పొట్టు తడవకుండా చూడటం, వేళకు టీకాలు వేయించడం - ఇవి మందుకంటే చవక. 1986లో స్వీడన్, ఆ తర్వాత డెన్మార్క్, 2006 నుండి యూరోపియన్ యూనియన్ అంతా బరువు పెంచడానికి యాంటీబయాటిక్ కలపడాన్ని ఆపివేశాయి. అక్కడ కోళ్ల పరిశ్రమ మూతపడలేదు.

ఓడ ఉపమానం మనకందరికీ తెలిసినదే. కింది అంతస్తులోని ప్రయాణికులు నీళ్ల కోసం ‘మా భాగంలో మేము చిల్లు పెట్టుకుంటాము’ అంటే, పైవారు వారించకపోతే మునిగేది అందరూ. దైవప్రవక్త (స) ఈ ఉపమానాన్ని చెప్పిన సందర్భం వేరు, విస్తృతి వేరు. అయినా మందుల విషయంలో అది అక్షరాలా వర్తిస్తుంది. నా షెడ్డు, నా కోళ్లు, నా డబ్బు అనడానికి లేదు. ఒక షెడ్డులో మొండిబారిన బాక్టీరియా ఎరువుతో పొలానికి, వాన నీటితో చెరువుకు, పనివాడి చేతులతో అతని బిడ్డ ఊయల దాకా వెళుతుంది. పనిచేసే మందు మనందరి ఉమ్మడి అమానతు. దాన్ని ఒకరు దుబారా చేస్తే, లోటు పడేది ముక్కూముఖం తెలియని మరొక రోగికి.

మన ఇంటి నుండి మొదలుపెడదాము

ఇంట్లో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదట భయం వదలండి. మొండి బాక్టీరియా మందుకు లొంగదు గానీ మంటకు లొంగుతుంది. బాగా ఉడికిన కూరలో, దమ్ము సరిగా పట్టిన బిర్యానీలో అది బతకదు. ప్రమాదం పొయ్యి ఎక్కిన గిన్నెలో కాదు, దాని పక్కనున్న గట్టు మీద ఉంది. పచ్చి కోడిని ముక్కలు చేసిన కత్తితోనే, అదే పలక మీద, బిర్యానీలోకి ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్కలు కోస్తాము. మాంసం ఉడుకుతుంది, ఉల్లిపాయ ఉడకదు. కనుక ఉల్లి, నిమ్మ, కొత్తిమీర ముందే కోసి పక్కన పెట్టండి. లేదా మాంసానికి వేరే కత్తి, వేరే పలక ఉంచండి. పచ్చిమాంసాన్ని కుళాయి ధార కింద కడిగితే తుంపరలు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. కడగక తప్పదనుకుంటే లోతైన గిన్నెలో నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా పారబోసి, తొట్టిని, చేతులను సబ్బుతో శుభ్రం చేసుకోండి. ఫ్రిజ్‌లో మాంసం మూతపెట్టి కింది అరలోనే ఉంచండి.

మంటకు పూర్తిగా లొంగనిది మందు అవశేషం. దాని విషయంలో పెంపకందారు పాటించే గడువే రక్షణ. పాడి ఉన్న ఇళ్లవారు ఇది తప్పక గమనించాలి. గేదెకు పొదుగువాపు వచ్చి పొదుగులోకి మందు ఎక్కించినప్పుడు, గడువు తీరేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకూడదు, ఇరుగుపొరుగుకు ఇవ్వకూడదు. ఒక్క పొదుగు పాలు మొత్తం క్యానులో కలిసిపోతాయి. పాలు ఎంతకీ తోడుకోకపోవడానికి మందు అవశేషం కూడా ఒక కారణం కాగలదు. పెరుగు చేసే సూక్ష్మజీవులను సైతం అది అణచివేస్తుంది. వారం రోజుల పాలు పారబోయడం పేద ఇంటికి చిన్న నష్టం కాదని మాకు తెలుసు. కానీ కొన్నవారికి చెప్పకుండా ఆ పాలు పోయడం, తూకంలో మోసం చేయడం కంటే తక్కువ తప్పేమీ కాదు.

బక్రీద్ వస్తే మనం పశువు వయసు చూస్తాము, కొమ్ములు, కన్ను, కాలు చూస్తాము. ఇకమీదట మరొక్క మాట కూడా అడుగుదాము: "దీనికి ఇటీవల సూది వేయించారా? ఏ మందు? ఎన్ని రోజులైంది?" వీలున్నవారు నెల ముందే కొని ఇంట్లో మేపుకుంటే పిల్లలకు ఆ జీవం మీద మమకారమూ కలుగుతుంది, గడువూ తీరుతుంది. జబ్బుపడిన జీవానికి వైద్యం మాన్పించమని మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. మూగజీవం బాధ చూస్తూ ఊరకుండటం పాపమే. పశువైద్యుడి చేత చూపించండి, చెప్పిన మోతాదు చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడండి, గడువు పాటించండి. అంతే.

కోడిమాంసం దుకాణదారును కూడా అడగండి. మొదటిరోజు అతను నవ్వవచ్చు. పదిమంది అడిగితే అతను తనకు సరుకు ఇచ్చేవాడిని అడుగుతాడు. వందమంది అడిగితే ఆ ప్రశ్న కంపెనీ గుమ్మం దాకా వెళుతుంది. ‘హలాలేనా?’ అన్న మన ప్రశ్న ఇలాగే ఊరూరా తిరిగి ఈనాడు అంగళ్ల బోర్డుల మీదకు ఎక్కింది. అది చట్టం చేసిన పని కాదు, అడిగినవారి ఓర్పు చేసిన పని.

ఉత్తరం వ్రాసిన సోదరికి చివరిగా ఒక మాట. మీ అమ్మగారు తన వంతు మందు దాచుకున్నారు, వృథా చేయలేదు. కానీ మందు ఎవరికి వారు దాచుకునే సొత్తు కాదు. ఆమె ఎన్నడూ చూడని షెడ్లలో, ఆమె ఎన్నడూ కొనని బస్తాలలో అది కరిగిపోతూ వచ్చి ఉండవచ్చు. ఆమె కోసం రెండు మూడు మందులైనా మిగిలి ఉన్నందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుందాము. మన మనవల కాలానికి కూడా అవి మిగిలి ఉండాలంటే, కత్తి దగ్గర అడిగే ప్రశ్నను దాణా తొట్టి దగ్గర కూడా అడగవలసిన రోజు వచ్చింది.